ఫాంటసీ యుద్ధక్రీడల్లో రౌతుల సైన్యం: జాబితా కూర్పు

బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలను మోహరించి, అంగుళాల టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునే ఆటలను యుద్ధక్రీడలు అంటారు. ఆ సైన్యాల్లో మనుషులతో పాటు ఎల్ఫులు, ఆర్కులు, డ్రాగన్లు కూడా ఉంటే అవి ఫాంటసీ యుద్ధక్రీడలు. ఆటకు ముందు ఇద్దరూ ఒక మొత్తానికి ఒప్పుకుంటారు. వార్‌హామర్‌లో ఎక్కువమంది ఎంచుకున్న మొత్తం 2000 పాయింట్లు. ప్రతి బొమ్మకూ సైన్య గ్రంథంలో ఒక ధర రాసి ఉంటుంది. ఆ ధరలు కూడుకుంటూ ఎవరి సైన్యాన్ని వారు కాగితం మీద పెట్టుకుంటే అది ఆర్మీ లిస్ట్. సైన్యం బలమంతా గుర్రాల మీదే ఉండేలా రాసుకున్న జాబితా గురించి ఈ వ్యాసం. ఆ పద్ధతికి పేరుపడ్డది వార్‌హామర్‌లోని బ్రెటోనియా రాజ్యం కనుక ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

రౌతుల జాబితా రాయడం పైకి తేలిక పనిలా కనిపిస్తుంది. అందరికన్నా బలమైన రౌతులను కొని శత్రువు మీదికి తోలితే సరిపోతుందనిపిస్తుంది. అలా రాసిన జాబితా కొత్తవాళ్ల మీద గెలుస్తుంది, ఆట తెలిసినవాళ్ల చేతిలో చిత్తవుతుంది. రౌతుకు బలం ఉండేది గుర్రం దూకిన ఆ ఒక్క విడతలోనే. ఆ విడత ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద జరగాలో తన చేతిలో ఉంచుకోవడానికి ఎన్ని పాయింట్లు కేటాయించాడన్నదాన్ని బట్టే జాబితా మంచిచెడ్డలు తేలతాయి. కవచాల మీద, బల్లేల మీద పెట్టిన ఖర్చు ఆ తరవాతి మాట.

పూర్వరంగం

గుర్రపు దండును ఆట నియమాల్లోకి తెచ్చినవాటిలో చదరంగానికి తల్లి అయిన చతురంగం పాతది. ఆధునిక యుద్ధక్రీడ కూడా చదరంగపు పలక మీది నుంచే మొదలైంది. 1780లో జర్మనీకి చెందిన హెల్విగ్ చదరంగాన్ని సాగదీసి యుద్ధాన్ని పోలిన ఆట తయారుచేశాడు. ప్రష్యాలో రైస్‌విట్జ్ తండ్రీకొడుకులు దాన్ని గళ్లలోంచి బయటపడేసి, నేల పటం మీద ఆడే క్రీగ్‌ష్పీల్‌గా మార్చారు. కొడుకు నియమావళి 1824లో వెలువడింది. 1913లో హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి బొమ్మ సిపాయిలతో నట్టింట్లో ఆడుకునే పద్ధతి నేర్పాడు. అందులో కాల్బలం విడతకు ఒక అడుగు జరిగితే గుర్రపు దండు రెండడుగులు జరుగుతుంది. ఈ రెట్టింపు వేగం తరవాత వచ్చిన ఎన్నో ఆటల్లో దాదాపు అలాగే నిలిచిపోయింది.

ఫాంటసీ చేరింది 1971లో. గేరీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి రాసిన మధ్యయుగ యుద్ధ నియమావళి ‘చెయిన్‌మెయిల్’ చివర మాంత్రికులకూ డ్రాగన్లకూ ఒక అనుబంధం ఉంది. ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ 1983లో వార్‌హామర్‌ను విడుదల చేసింది. రచయితలు బ్రయన్ ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీ. 2010 నాటికి అది ఎనిమిదో ఎడిషన్‌కు చేరింది. 2015లో ఆ ఆటను ఆపేసి, దాని స్థానంలో ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ను తెచ్చారు. పాత ప్రపంచం ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరుతో 2024 జనవరిలో తిరిగొచ్చింది. మొదటి పెట్టెల్లో వచ్చిన రెండు సైన్యాల్లో ఒకటి బ్రెటోనియా, రెండోది టూంబ్ కింగ్స్.

ఛార్జ్ లెక్క

రౌతుల జాబితా రాసేవాడికి ముందు పోరు లెక్క రావాలి. వార్‌హామర్‌లో చంపిన తలల సంఖ్య ఒక్కటే గెలుపును నిర్ణయించదు. ఆరు, ఏడు ఎడిషన్ల నియమాల ప్రకారం దళం వెనక నిలబడ్డ ఒక్కో వరుసకు ఒక్కో మార్కు చొప్పున మూడు దాకా, జెండాకు ఒకటి, సంఖ్యలో ఎక్కువుంటే ఒకటి, పక్క నుంచి కొడితే ఒకటి, వెనక నుంచి కొడితే రెండు కలుస్తాయి. ఇరువైపులా మొత్తం కూడి చూస్తారు. ఓడిన దళం రెండు పాచికలు వేసి, తేడా మేరకు తగ్గిన తన లీడర్‌షిప్ అంకెకు లోబడి తెచ్చుకోవాలి. తేలేకపోతే పారిపోతుంది. పారిపోయే దళాన్ని గుర్రాలు మూడు పాచికలేసి తరుముతాయి, కాల్బలం రెండేసి పరిగెడుతుంది. దొరికితే దళం మొత్తం పోయినట్టే. రౌతులు గెలిచేది ఎక్కువగా ఈ తరుముడులోనే, కత్తిపోట్లతో కాదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. నైట్స్ ఆఫ్ ది రెల్మ్ అనే బ్రెటోనియా రౌతులు అయిదుగురు ఒకే వరుసలో, జెండాతో సహా, ఇరవై మంది ఈటెల కాల్బలాన్ని ఎదురుగా కొట్టారనుకుందాం. వార్‌హామర్‌లో లాన్స్ అనే పొడవాటి బల్లెం ఛార్జ్ చేసిన విడతలో బలానికి రెండు కలుపుతుంది. అంటే మూడు బలం అయిదవుతుంది. ఆరింట నాలుగు పాళ్లు దెబ్బ తగులుతుంది, తగిలినవాటిలో ఆరింట అయిదు గాయమవుతాయి, అయిదు బలం ముందు మామూలు సిపాయి కవచం నిలవదు. రౌతుల చేతిలో సగటున 2.8 మంది చస్తారు. గుర్రాల కాళ్ల కింద మరో 0.8 మంది. జెండా మార్కు కలిపితే 4.6. అవతలివాళ్లకు వరుసలకు మూడు, జెండాకు ఒకటి, సంఖ్యకు ఒకటి, మొత్తం అయిదు. మెరిసే కవచాల రౌతులు, ఒక్క గాయం కూడా తగలకుండానే, సగటున ఓడిపోయారు!

అదే అయిదుగురు పక్క నుంచి దూకితే శత్రువు వరుసల మూడు మార్కులూ ఎగిరిపోతాయి, తమకు ఒకటి కలుస్తుంది. 5.6కు 2. ఏడు లీడర్‌షిప్ ఉన్న కాల్బలం సుమారు నాలుగు తేడాతో ఓడితే రెండు పాచికల మీద మూడో అంతకన్నా తక్కువో పడాలి. అది ముప్పై ఆరింట మూడు సార్లు పడుతుంది. బొమ్మలు అవే, ధర అదే. దిశ ఒక్కటే మారింది. రౌతుల జాబితా అంటే నిజానికి ఈ దిశను కొనుక్కునే జాబితా.

దూరం లెక్క కూడా ఇంతే ముఖ్యం. బల్ల వెడల్పు 48 అంగుళాలు. ఇద్దరూ తమ అంచు నుంచి 12 అంగుళాల లోపల మోహరిస్తే మధ్యలో 24 మిగులుతాయి. ఆ ఎడిషన్లలో ఛార్జ్ దూరం నడకకు రెట్టింపు. మానవ కాల్బలం 8 అంగుళాలు దూకగలదు, గుర్రపు కవచం మోసే మామూలు రౌతు 14, బ్రెటోనియా రౌతు 16. వాళ్ల జాతి గుర్రాలకు కవచం బరువు వల్ల నడక తగ్గదని గ్రంథంలో ప్రత్యేకంగా రాశారు. శత్రు కాల్బలానికి 8 అంగుళాల అవతల, 16 ఇవతల ఉన్న పట్టీలో నిలబడ్డ రౌతును ఆ కాల్బలం అందుకోలేదు, రౌతు మాత్రం దాన్ని అందుకుంటాడు. ఏడో ఎడిషన్ దాకా దూరాన్ని ముందుగా టేపుతో కొలవడానికి వీల్లేదు, కంటితోనే అంచనా వేయాలి. అంచనా తప్పి ఛార్జ్ అందకపోతే దళం సగం దూరం వెళ్లి, శత్రువు ముంగిట నిలబడిపోతుంది. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ఈ ఆటలో కొలబద్ద పట్టినవాడికే వర్తిస్తుంది.

బ్రెటోనియా: లాన్స్ వ్యూహం

బ్రెటోనియా ఆర్థర్ రాజు కథలను, మధ్యయుగపు ఫ్రాన్సును కలిపి అల్లిన రాజ్యం. సరస్సు దేవతను కొలిచే నైట్లు పైన, వాళ్ల కోసం అమ్ములు మోసే పల్లెజనం కింద. పాత వార్‌హామర్‌లో ఈ సైన్యానికి చివరి గ్రంథం ఆరో ఎడిషన్‌లో, 2004లో వచ్చింది. ఏడు, ఎనిమిది ఎడిషన్లు వచ్చిపోయినా ఆటగాళ్లు అదే పుస్తకంతో 2015 దాకా నెట్టుకొచ్చారు. అందుకే రౌతుల జాబితా గురించి ఎక్కువ వాదోపవాదాలు ఈ ఒక్క పుస్తకం మీదే నడిచాయి.

ఎదురు ఛార్జ్‌లో రౌతు ఓడిపోతాడన్న పై లెక్కకు బ్రెటోనియా ఇచ్చిన జవాబు లాన్స్ వ్యూహం. నైట్లు ముగ్గురేసి వరుసల్లో, లోతుగా నిలబడతారు. మామూలు దళాలకు నలుగురైదుగురు ఉంటేగానీ వరుసగా లెక్కకు రాని చోట వీళ్లకు ముగ్గురే చాలు. ఛార్జ్ చేసిన విడతలో ముందు వరుసతో పాటు రెండు పక్కల అంచుల్లో ఉన్నవాళ్లు కూడా పొడుస్తారు. తొమ్మిది మంది దళమైతే ఏడుగురు. పైన చూసిన ఈటెల దళం మీదికే ఎదురుగా దూకితే, గుర్రాల దెబ్బలు పక్కనపెట్టినా, 3.9 మంది చావు, వెనక వరుసలకు రెండు, జెండాకు ఒకటి కలిసి 6.9 వస్తుంది. అవతల అయిదే. ఈసారి ఎదురుగా కొట్టి గెలిచారు.

అయితే ఈ వ్యూహానికి కొలతల్లోనే ఒక లోపం ఉంది. రౌతు బొమ్మ పీఠం 25 మిల్లీమీటర్ల వెడల్పు, 50 పొడవు. ముగ్గురేసి మూడు వరుసలంటే ముందు భాగం 75 మిల్లీమీటర్లు, పక్క 150. ముఖం కన్నా పక్క రెండింతలు పొడవు! పక్కన తగిలితే లాన్స్ కుప్పకూలుతుంది. పైగా ఫిరంగి గుండు ఒక వరుస మీదుగా దొర్లితే ఒకరి వెనక ఒకరుగా ముగ్గురు పోతారు. తొమ్మిదిలో ఒక్కడు బాణానికి పడినా మూడో వరుస నిండుగా ఉండదు, ఒక మార్కు పోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు తొమ్మిది మందికి పాలడిన్ అనే వీరుణ్నో, మంత్రం తెలిసిన డామ్సెల్‌నో జతచేస్తారు. డామ్సెల్‌ను వ్యూహం మధ్యలో, చుట్టూ నైట్ల కవచాల నడుమ నిలబెట్టవచ్చు. ఒక నైట్ పోయినా వరుస చెడదు, శత్రు మంత్రాలకు అడ్డుకట్టా దొరుకుతుంది.

నైట్లలో అంతస్తులున్నాయి. కుర్ర నైట్స్ ఎరంట్ ఒక్కొక్కరు 20 పాయింట్లు. శత్రువు అందే దూరంలో ఉండి లీడర్‌షిప్ పరీక్ష తప్పితే వాళ్లు దూకి తీరాలి. వాళ్ల ముందు ఎర వేయడం ప్రత్యర్థికి భలే సులువు. నైట్స్ ఆఫ్ ది రెల్మ్ 24. ఈ సైన్యానికి వెన్నెముక వీళ్లే, కనీసం ఒక దళమైనా తప్పనిసరి. క్వెస్టింగ్ నైట్లు లాన్స్ వదిలేసి రెండు చేతుల కత్తి పడతారు. ఛార్జ్ అయిపోయాక రెండో విడతలోనూ వాళ్ల బలం తగ్గదు, కానీ అప్పుడు చివరగా కొట్టాలి. గ్రెయిల్ నైట్ 38 పాయింట్లు, రెండు దెబ్బలు, ఛార్జ్‌లో ఆరు బలం. రెక్కల గుర్రాల పెగాసస్ నైట్లు 55.

ఇక్కడే చాలా జాబితాలు దారి తప్పుతాయి. గ్రెయిల్ నైట్ల బొమ్మలు అందంగా ఉంటాయి, అంకెలు ఊరిస్తాయి. కానీ మామూలు సిపాయి మీద అయిదు బలమైనా ఆరు బలమైనా ఒకటే. గాయం కాకుండా తప్పించుకునేది ఆరింట ఒక పాలే. ఆరో బలం పనికొచ్చేది మందపాటి కవచాల మీద, రాక్షసుల మీద. నైట్స్ ఆఫ్ ది రెల్మ్ పదకొండు మందిని నిలబెట్టే సొమ్ముకు ఏడుగురు గ్రెయిల్ నైట్లు కూడా రారు. నా మట్టుకు ఒక చిన్న గ్రెయిల్ దళం చాలు. అదీ శత్రు సేనాని ఎక్కడుంటాడో ఊహించి, ఆ వైపు నిలబెట్టడానికే.

ఒక 2000 పాయింట్ల సైన్యం ఇలా ఉండొచ్చు. తొమ్మిదేసి నైట్స్ ఆఫ్ ది రెల్మ్ రెండు దళాలు 432, తొమ్మిది మంది ఎరంట్లు 180, ఆరుగురు గ్రెయిల్ నైట్లు 228, ముగ్గురు పెగాసస్ నైట్లు 165, అయిదుగురు మౌంటెడ్ యోమెన్ 75, పదిమంది విలుకాండ్రు 60, రాళ్లు విసిరే యంత్రం ట్రెబ్యుషే ఒకటి 90. కలిపితే 1230. మిగిలిన 770లో సేనాని, సైన్య ధ్వజం మోసే పాలడిన్, ఒకరిద్దరు డామ్సెళ్లు, జెండాలు, బాకాలు, మాయ వస్తువులు. ఇందులో లాన్సులు నాలుగే. నాలుగింటినీ ఒకే ఒరలో దూర్చకుండా రెండేసి జోడీలుగా నడిపితేనే దీనికి ఫలం: జోడీలో ఒకటి ఎదురుగా, ఇంకొకటి పక్కగా.

చిల్లర దళాల ప్రాధాన్యం

పై పట్టికలో చౌకగా కనబడే యోమెన్, పెగాసస్, విలుకాండ్రు, ట్రెబ్యుషే కలిసి 390 పాయింట్లు. వీటిని తీసేసి ఇంకో లాన్స్ కొందామన్న ఆలోచన ప్రతివాడికీ వస్తుంది. ఆ ఆలోచన మానుకున్నప్పుడే జాబితా పండుతుంది.

మౌంటెడ్ యోమెన్ తేలికపాటి రౌతులు, కులానికి పల్లెజనం. శత్రువు వాళ్ల మీదికి ఛార్జ్ ప్రకటిస్తే పారిపోవచ్చు. పారిపోయి, మరుసటి విడతలో తేరుకుని, వెంటనే మళ్లీ కదలవచ్చు. వాళ్లను తరుముతూ వచ్చిన దళం ఛార్జ్ అందక నట్టనడుమ ఆగిపోతుంది. ఆ ఆగిన చోటు ఒక లాన్స్ ఎదుట, ఇంకో లాన్స్ పక్కన ఉండేట్టు ముందే కోణం చూసుకుని యోమెన్‌ను నిలబెట్టాలి. ఈ పని నైట్లు చేయలేరు. సరస్సు దేవత వరం వాళ్లకు ఆరు మీద, అయిదు, అంతకు మించిన బలాల మీద అయితే అయిదు మీద, చివరి రక్షణ ఇస్తుంది. వెన్ను చూపితే ఆ వరం పోతుంది. అంటే ఎర వేయడానికి మర్యాద పట్టింపులు లేనివాళ్లు కావాలి. కథకూ నియమానికీ ఇంత చక్కగా పొత్తు కుదిరిన సైన్యాలు వార్‌హామర్‌లో తక్కువ.

పెగాసస్ నైట్లు 20 అంగుళాలు ఎగురుతారు. వాళ్ల మొదటి వేట ఫిరంగులే. రెండో ఉపయోగం ఇంకా గొప్పది: ఆ ఎడిషన్లలో శత్రువు 8 అంగుళాల లోపల ఉంటే దళాలు రెట్టింపు నడక నడవలేవు. శత్రు పంక్తి వెనక ముగ్గురు పెగాసస్ నైట్లు వాలితే సగం సైన్యం నత్తనడకన పడుతుంది, దాంతో ఏ మూల పోరు ముందు మొదలవ్వాలో మన ఇష్టం. ముగ్గురి ఖరీదు 165 పాయింట్లు చూసి జంకి ఎదురు పోరులోకి తోసేవాళ్లున్నారు. అది దండగ.

ట్రెబ్యుషే గురించి రెండభిప్రాయాలున్నాయి. దూరం గురి తప్పితే 90 పాయింట్లు ఆట పొడవునా మూల కూర్చుంటాయి. కానీ దాని అసలు లాభం వేరు. రాళ్లు పడుతుంటే శత్రువు తన చోట తాను నిలబడలేక ముందుకు కదులుతాడు, రౌతులకు కావలసిందీ అదే. ఎదురుచూసే శత్రువును కదిలించే సాధనం ఏదో ఒకటి లేని రౌతుల జాబితా డ్వార్ఫుల ముందు దిక్కులు చూస్తుంది. డ్వార్ఫులకు గుర్రాలే లేవు, ఫిరంగులకూ తుపాకులకూ కొదవ లేదు. కొండ మీద కూర్చుని పేలుస్తారు.

ఆ పరిస్థితిలో ప్రార్థన అన్నది పెద్ద చిక్కు. బ్రెటోనియా సైన్యం ఆట మొదట్లో మోకరిల్లి ప్రార్థిస్తేనే దేవత వరం అందుతుంది, అయితే మొదటి విడత శత్రువుకు పోతుంది. తుపాకుల సైన్యానికి మరో విడత కాల్పులు ఊరికే ఇచ్చినట్టే. అయినా ప్రార్థించడమే మేలని ఎక్కువమంది అనుభవం, ఎందుకంటే ఫిరంగి గుండు ముందు కవచం చెల్లదు, అయిదు మీద వచ్చే ఆ రక్షణ ఒక్కటే చెల్లుతుంది.

ఎనిమిదో ఎడిషన్ కొట్టిన దెబ్బ

2010లో వచ్చిన నియమాలు రౌతుల జాబితాను కుదుళ్లతో సహా కదిలించాయి. ఛార్జ్ చేసినవాడే ముందు కొడతాడన్న పాత న్యాయం పోయి, చురుకుదనం అంకెను బట్టి కొట్టే పద్ధతి వచ్చింది. ముందు వరుసలో చచ్చినవాడి స్థానంలోకి వెనకవాడు వచ్చి, అదే విడతలో తిరిగి కొడతాడు. రెండో వరుస కూడా పొడుస్తుంది. ఛార్జ్ దూరం నడకకు పాచికలు కలిపి తేలుతుంది. టేపుతో ముందే కొలుచుకోవచ్చు కనుక కంటి అంచనా నేర్పుకు విలువ పోయింది. గుర్రాలు మూడు పాచికలేసి పెద్దవి రెండు తీసుకోవడం ఒక్కటే వాటికి మిగిలిన ఊరట.

అన్నిటికీ మించింది స్టెడ్‌ఫాస్ట్ నియమం. ఓడిన దళానికి గెలిచినదాని కన్నా ఎక్కువ వరుసలుంటే, ఎంత తేడాతో ఓడినా లీడర్‌షిప్ అంకె తగ్గదు. నలభై మంది చౌక కాల్బలం మీదికి తొమ్మిది మంది నైట్లు దూకి ఎనిమిది మందిని చంపినా ఆ దళానికి పట్టు సడలదు. సేనాని దగ్గరుండి తొమ్మిది లీడర్‌షిప్ అరువిస్తే 83 శాతం నిలబడతారు. సైన్య ధ్వజం పక్కనుండి పాచికలు మళ్లీ వేసుకోనిస్తే 97 శాతం. పక్క నుంచి కొట్టినా, వరుసల మార్కులు పోతాయిగానీ ఈ పట్టు పోదు. రెండో విడతకు లాన్సుల బలం మూడుకు దిగుతుంది. అప్పుడు నైట్లు ఎత్తయిన గుర్రాల మీద కూర్చున్న మామూలు సిపాయిలే.

ఈ ఎడిషన్‌లో రౌతుల జాబితా రాసేవాళ్లు మూడు దారులు వెతికారు. పెద్ద కాల్బల దళాలను ముందు ట్రెబ్యుషేలతో, మంత్రాలతో పలచబరిచి, వరుసలు తగ్గాకే దూకడం ఒకటి. ఓపిక కావాల్సిన దారి, కానీ నికార్సయినది ఇదే. పన్నెండు, పదిహేను మందితో లోతైన లాన్సులు కట్టి వరుసల్లో తూగడం రెండోది. అంత ఖరీదైన దళానికి పక్క ఇంకా పొడవవుతుంది. మూడోది ఆ గడ్డి మేటు లాంటి దళాలను అసలు ముట్టకుండా, వాటి ఎదుట చిల్లర దళాలను వేసి ఆపి, తక్కిన సైన్యాన్ని ఏరుకుతినడం. జాబితా కూర్పు కూడా అప్పుడే శాతాల పద్ధతికి మారింది: సేనానులు పాతిక శాతం దాకా, వీరులు పాతిక శాతం దాకా, మూల దళాలు కనీసం పాతిక శాతం. మూల దళాల్లోనే నైట్లున్న బ్రెటోనియాకు ఆ కనీసం ఏనాడూ భారం కాలేదు.

ఇతర రౌతు సైన్యాలు

లాన్స్ వ్యూహం లేని సైన్యాలు అదే సమస్యను వేరుగా తీర్చుకుంటాయి. ఎంపైర్ నైట్లు నిండు ఇనుప కవచంతో ఒకటి ప్లస్ రక్షణ తెచ్చుకుంటారు. వాళ్లు నెమ్మది, కానీ చావరు. చెంతనే ఫిరంగులూ దొరుకుతాయి కనుక కొట్టేవి అవి, ముగించేది నైట్లు. కేయాస్ నైట్ల ఆయుధాల బలం ఛార్జ్ మీద ఆధారపడదు, రెండో విడతలోనూ మొదటి విడతలాగే నరుకుతారు. అందువల్లే ఎనిమిదో ఎడిషన్ వాళ్లను బ్రెటోనియాను దెబ్బతీసినంతగా దెబ్బతీయలేదు. హై ఎల్ఫుల డ్రాగన్ ప్రిన్సులు చురుకుదనంతో గెలుస్తారు. డార్క్ ఎల్ఫుల కోల్డ్ వన్ నైట్లు ఎక్కే బల్లులకు బుర్ర తక్కువ. పరీక్ష తప్పిన విడతలో ఎటో చూస్తూ నడుస్తాయి, ఎంత చక్కగా వేసిన పథకమైనా అక్కడితో సరి. గాబ్లిన్ తోడేలు రౌతుల గురించి పెద్దగా చెప్పేది లేదు. పోరులో పనికిరారు, ఎరకు మాత్రం అంత చౌకగా దొరికేవాళ్లు అరుదు.

వేరే ఆటల్లో

మాంటిక్ సంస్థ ‘కింగ్స్ ఆఫ్ వార్’ను అలెసియో కవతోరే రాశాడు. ఇందులో బొమ్మలను ఒక్కొక్కటిగా తీసేయరు. దళం మొత్తం ఒకే ముక్క, చెదిరిందాకా నిండు బలంతో పోరాడుతుంది. పక్క నుంచి కొడితే దెబ్బల సంఖ్య రెండింతలు, వెనక నుంచి మూడింతలు. వార్‌హామర్‌లో కష్టపడి లెక్కలు కట్టి చేరే సత్యాన్ని ఈ ఆట ఒక్క వాక్యంలో నియమం చేసేసింది. లాన్స్ బలం ఇక్కడ థండరస్ ఛార్జ్ పేరుతో ఉంటుంది. దారికి అడ్డంగా పొదలో గోడలో వస్తే అది తగ్గుతుంది, ఈటెల ఫాలాంక్స్‌ను ఎదురుగా ఢీకొంటే పోతుంది. కనుక ఈ ఆటలో రౌతుల జాబితాకు పక్కకు చేరే వేగంతో పాటు, ఫాలాంక్సులను దూరం నుంచి చెదరగొట్టే విల్లో మంత్రమో ఉండాలి.

టోల్కీన్ లోకం మీద గేమ్స్ వర్క్‌షాప్ 2001లో మొదలుపెట్టిన ఆటలో దళాలు ఉండవు, బొమ్మకు బొమ్మే. రోహాన్ రౌతు 10 అంగుళాలు కదులుతాడు, నేల మీది మనిషి 6. కాల్బంటు మీదికి దూకితే ఒక దెబ్బ అదనం, గెలిస్తే ఎదుటివాడు నేలకూలతాడు. గుర్రం చస్తే మాత్రం రౌతు పాచిక వేసి తాను ఎలా పడ్డాడో తేల్చుకోవాలి. రోహాన్ జాబితాలో విల్లులూ గుర్రాలూ ఒకే మనిషి దగ్గర ఉండటం వల్ల వెనక్కి జరుగుతూ కాల్చి, అలసిన చోట దూకే ఆట కుదురుతుంది. బ్రెటోనియా నైట్లకు అది పరువు తక్కువ.

ఓల్డ్ వరల్డ్ తరవాత

2024 నాటి నియమాల్లో రౌతుకు మళ్లీ ఊపిరి వచ్చింది. ఓడిన దళం తప్పనిసరిగా నిలవడమో పారిపోవడమో కాకుండా మధ్యలో రెండు మెట్లు పెట్టారు: కొద్దిగా వెనక్కి జరగడం, క్రమం చెడకుండా తిరోగమించడం. పాచికల మొత్తం అసలు లీడర్‌షిప్‌ను దాటితేనే పూర్తిగా చెదురుతారు. గెలిచిన రౌతులు వెంట తోసుకుంటూ పోవచ్చు. ఎనిమిదో ఎడిషన్‌లోలా మేటు లాంటి దళంలో ఇరుక్కుపోవడం తగ్గింది, అలాగని ఒక్క ఛార్జ్‌తో సైన్యాన్ని ఊడ్చేయడమూ కుదరదు. నైట్లకు ఫస్ట్ ఛార్జ్ అనే నియమం వచ్చింది: ఆటలో తమ మొదటి ఛార్జ్‌తో శత్రు వరుసల లాభాన్ని చెరిపేస్తారు. దీనివల్ల జాబితా రాసేవాళ్లు చిన్న దళాలు ఎక్కువ పెట్టుకోవడం మొదలుపెట్టారు, ఎందుకంటే మొదటి ఛార్జ్ ప్రతి దళానికీ ఒక్కసారే. బ్రెటోనియాకు అనుబంధ గ్రంథంలో ఎరంట్రీ క్రూసేడ్, బ్రెటోనియన్ ఎక్సైల్స్ అనే రెండు ప్రత్యేక జాబితాలు కూడా ఇచ్చారు.

పాత బొమ్మలున్నవాళ్లకు ఒక తలనొప్పి మాత్రం వచ్చిపడింది. నైట్ల పీఠాలు 25, 50 నుంచి 30, 60 మిల్లీమీటర్లకు పెరిగాయి. ముగ్గురి ముఖం ఇప్పుడు 90 మిల్లీమీటర్లు, మూడు వరుసల లోతు 180. అంతకన్నా ఇరుకు సందుల్లోంచి లాన్సులు నడిపిన అలవాటున్నవాళ్లు మోహరింపు పటాలను మళ్లీ గీసుకోవాలి. పీఠాలు ఊడదీసి మార్చడం ఇష్టం లేనివాళ్లు పాతవాటికి అంచు కలిపే పళ్లాలు వాడుతున్నారు. ఒక్కో బొమ్మకు గాడి ఉండే పళ్లెంలో తొమ్మిది గుర్రాలను నిలబెడితే కొలత సరిపోతుంది. గుర్రం కాళ్లు, తోకలు ఒకదానికొకటి తట్టుకోవడం కూడా తగ్గుతుంది. లాన్స్ వ్యూహంలో ముందుకు చాచిన బల్లేలు ముందున్నవాడి వీపుకు తగిలి విరగడం ఈ బొమ్మలకు పాత జబ్బు. అందుకని వెనక వరుసల వాళ్లకు బల్లెం పైకెత్తి పట్టిన చేతులు అతికించుకోవడం మంచిది, దించినవి ముందు ముగ్గురికి సరిపోతాయి.